మా యింటి దొంగలగంట

ఇంటి ముచ్చటలను పత్రిక కెక్కించుట నా కలవాటు కాదు. మొన్నటి ఫాల్గుణమున మొదలై చైత్రము కడవఱకు మా యింట జరిగిన యొక రభసను గూర్చి వ్రాయుమని మా ఆడపడుచు పలుమాఱులు నన్ను పోరుచున్నది. "నీవు పడిన తిప్పలు ఇంకొక యింటికైనను తప్పునేమో, వ్రాయరాదా వదినా" యని యామె మాట. ఆమె యెఱుగని సంగతి యొకటి యిందులో నున్నది. దానిని దాచి తక్కినది వ్రాసినచో వ్రాయకుండుటయే మేలు. ఇన్నాళ్లు కలము పట్టకపోవుటకు కారణ మదియే.

మాది జహీరాబాదు దాపున చిరాగ్‌పల్లి. హైదరాబాదు నుండి హుమ్నాబాదు మీదుగా పూనా పోవు 65వ జాతీయ రహదారి మా యూరి నొరసికొని పోవును. ఇంకను కొంచెము సాగినచో కర్ణాటక పొలిమేర. చిరాగు అనగా ఉర్దూ భాషలో దీపము. ఊరి పేరున దీపమున్నను మా యిల్లు మాత్రము ఊరి కొసన, చెఱకుతోటల చీకటి నానుకొని యుండును. ఒక దిక్కున రాత్రియంతయు లారీల మ్రోత. మఱియొక దిక్కున అల్లపు మళ్ల నిశ్శబ్దము. మా వారి యుద్యోగము పటాన్‌చెరువు వైపున. సోమవారము తెల్లవారకమునుపే పోయి శనివారము రాత్రికి వత్తురు. మామగారు గతించి ఆఱేండ్లయినది. ఇంట నుండువారము మా అత్తగారు, నేను, పదునాలుగేండ్ల మా అబ్బాయి, అంతియే.

రెండేండ్ల క్రిందట మా పినమామగారి యింటివారెల్లరు పెండ్లికి తరలిపోయిన రాత్రి దొంగలు పడి, బీరువా పగులగొట్టి, యున్న బంగారమంతయు ఊడ్చుకొని పోయిరి. ఆ వార్త విన్ననాటి నుండి మా వారికి అక్కడ పనిలో మనసు నిలువలేదు. తుద కొక శనివారము పట్టణము నుండి మనుష్యులను పిలిపించి యింటికి అలారము పెట్టించిరి. మా అత్తగారు దానికి 'దొంగలగంట' యని పేరు పెట్టిరి. ఇంట నందఱికి అదే యలవాటయ్యెను. వీథితలుపునకును పెరటితలుపునకును అయస్కాంతపు బిళ్లలు, నడిమి హాలున నొకటియు సామానుగదిలో నొకటియు కదలికను కనిపెట్టు సెన్సారులు, మెట్ల క్రింద నొక యినుపపెట్టె, కరెంటు పోయినను పని జరుగుటకై దానిలో నొక బ్యాటరీ, చూరు క్రింద చెవులు చిల్లులు పడునట్లు అఱచు సైరను. ఇది దాని పరివారము. రాత్రి పది గంటలకు పడకగదులలోనికి పోవునప్పుడు అంకెలు నొక్కి దానిని మేల్కొలిపి పోదుము. ఏడాదిన్నర కాలము దాని నోట మాట లేదు.

ఫాల్గుణ మాసమున నొక రాత్రి రెండు గంటల వేళ అది యొక్కసారిగా నఱచెను. నాకు కాలు చేయి ఆడలేదు. అబ్బాయి క్రికెట్టు బ్యాటు పట్టుకొని లేచినాడు. ఇరుగుపొరుగు మగవారు కఱ్ఱలతో, టార్చిలైట్లతో పరుగెత్తి వచ్చి యిల్లంతయు వెదకిరి. పెరడు వెదకిరి. చెఱకుతోట గట్టు వెదకిరి. తలుపుల గడియలు వేసినవి వేసినట్లే యున్నవి. పురుగు లేదు, పుట్ర లేదు. ఆ యర్ధరాత్రి పదునొకొండుగురికి టీ కాచి యిచ్చి పంపితిని. రెండు దినములకు మఱల మ్రోగెను. ఈ మాఱు అయిదుగురు వచ్చిరి. నాలుగవమాఱు ఎదురింటివారు కిటికీ నుండియే "మల్ల మోగిందా అక్కా?" యని యడిగి, నా జవాబు రాకమునుపే దీప మార్పిరి. వారి ననుటకు నాకు నోరు లేదు. తెల్లవారిన పొలము పోవలసినవారు. 'నాన్నా! పులి' కథను మనమే కదా పిల్లలకు చెప్పుచుందుము. ఆ కథలో కుఱ్ఱవాడు కావలెనని అఱచెను. మా యింట మనసు లేని పెట్టె యఱచుచున్నది. వినువారికి రెండును నొకటియే. అంతకంటె నాకు భయము పుట్టించినది వేఱొకటి. ఒకనాటి రాత్రి మ్రోత విని 'లేవనా, మాననా' యని నేనే మంచముపై నుండి యోచించితిని.

సెన్సారు పెట్టిన దుకాణమువారికి ఫోను చేయగా నాలుగు దినములకు ఒక కుఱ్ఱవాడు వచ్చెను. హాలులోని సెన్సారు మూత తీసి, లోపల నేమో చిన్న మీట నటునిటు జరిపి, "ఇంక మోగదు మేడమ్" అని తన కూలి తాను పుచ్చుకొని పోయెను. అతడన్నట్లే మూడు రాత్రులు మ్రోగలేదు. నాలుగవ రాత్రి మ్రోగెను.

అప్పుడు మా అత్తగారు నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని యిట్లనిరి: "ఇది వట్టిగ మోగుత లేదు బిడ్డా. ఎవడో మనల్ని పరీక్ష చేస్తున్నడు. మనం యాష్టపడి దీన్ని బంద్ చేస్తె అప్పుడు లోపలికొస్తడు." ఈ మాట వెఱ్ఱిమాట కాదు. గంటను వట్టిగా మ్రోగించి మ్రోగించి ఇంటివారిని విసిగించుట దొంగలెఱిగిన యుపాయమే. కాని ఆ మాట నా చెవిని పడిన క్షణము నుండి నా చూపు మాఱిపోయెను.

మా యింట తొమ్మిదేండ్లుగా ఊడ్చి, తుడిచి, అంట్లు తోమునామె యొకతె యుండెను. ఆమె పేరు వ్రాయను. ఆమె పెద్దకొడుకు పట్టణమున చేయుచున్న పని పోగా ఇంటికి తిరిగి వచ్చి, సాయంకాలము తల్లిని బండిమీద ఎక్కించుకొని పోవుటకై మా పెరటి గుమ్మము కడకు వచ్చుచుండెను. ఒకనాడు చూరు క్రింది సైరను తట్టు చూచి, "గిది కరెంటు వోతె గూడ మోగుతదా అక్కా?" యని యడిగెను. పిల్లవాడు తెలిసికొనగోరి యడిగిన మాట. ఆ దినము నేను నవ్వి, లోపల బ్యాటరీ యున్నదని చెప్పితిని. అదే మాట అర్ధరాత్రి మంచముమీద తలపునకు వచ్చినప్పుడు దాని రూపు వేఱుగా నుండెను. మఱునాడు ఆమెతో, మేము కొన్నాళ్లు ఊరికి పోవుచున్నామనియు, కబురు చేయువఱకు రావలదనియు చెప్పితిని. ఆ మాట పలికినది మా అత్తగారు కారు, నేను. మేమే యూరికిని పోవుట లేదని ఆమెకు తెలియకపోవునా! మా అబ్బాయికి పరీక్షలు నడుచుచున్న దినములవి. ఆమె నా మొగము వంక చూచి, చీపురును దాని మూలన పెట్టి, "మంచిదమ్మా" యని, గడప దాటుచు, "హాల్ల గా మూలకు రోజూ బల్లి పెంటికలు పడుతున్నయి, జర సూసుకోండ్రి" యని పోయెను. పోవుచు పోవుచు పని యప్పగింత చేయుచున్నదనుకొంటిని గాని ఆ మాటను లెక్కలోనికి తీసికొనలేదు.

ఆమె పోయిన రెండవ రాత్రియే గంట మఱల మ్రోగెను. అప్పుడైనను నాకు బుద్ధి కలుగవలసినది. "వాడు బయటి నుండియే చేయుచున్నాడేమో" యని మనసు తనకు తాను చెప్పుకొనెను. అనుమానమునకు ఎన్ని ద్వారములు మూసినను కిటికీ దొరకుచునే యుండును.

అయినను నాలో నొక మూల లజ్జ మొదలయ్యెను. ఆ లజ్జయే నన్నీ యంత్రము కడకు నెట్టినది. బియ్యములో రాయి ఎక్కడనున్నదో చూడక వంటమనిషిని తిట్టినట్లున్నదే నా పని యనుకొని, అసలీ సెన్సారు దేనిని చూచి యఱచునో తెలిసికొనవలెనని కూర్చుంటిని. అబ్బాయి తన పాఠ్యపుస్తకములతోను ఫోనుతోను నాకు గురువయ్యెను.

నేను తెలిసికొన్నది చెప్పెదను. ఇది యేమియు కష్టమైన విద్య కాదు. మన దేహము పొయ్యివలె వెలుగకపోయినను, నిప్పువలెనే కిరణములను చిమ్ముచుండును. అవి కంటికి కనబడవు. ఎఱుపునకు ఆవల నుండు ఈ కిరణముల జాడను 1800వ సంవత్సరమున విలియం హెర్షెలను ఖగోళవేత్త ఇంగ్లండులో కనుగొనెను. సూర్యకాంతిని గాజు పట్టకముచే రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకము నుంచి, తుదకు ఏ రంగును లేని చోట అది యింకను పైకి లేచుట చూచెను. ఆయన చెల్లెలు కెరొలిన్ తానును ఆకాశము శోధించి 1786 మొదలుకొని ఎనిమిది తోకచుక్కలను కనిపెట్టిన విదుషీమణి. మనుష్యదేహము నుండి వచ్చు నీ కిరణముల తరంగము ఇంచుమించు 10 మైక్రానుల పొడవు. మైక్రాను అనగా మీటరులో పదిలక్షలవ పాలు.

సెన్సారు పెట్టెలో రెండు చిన్న స్ఫటికపు బిళ్లలు ప్రక్కప్రక్కన నుండును. వేడి మాఱినప్పుడు విద్యుత్తు పుట్టించు గుణము వానికి కలదు. ఈ గుణము మనకు పొరుగున నున్న సింహళమునకు చెందిన రత్నము వలననే యూరపువారికి తెలియవచ్చెనట! 18వ శతాబ్ది తొలినాళ్లలో డచ్చివారు సింహళము నుండి తోరమల్లి రాళ్లను కొనిపోయిరి. వేడిచేసిన రాయి బూడిదను తన వైపు లాగికొనుట చూచి దానికి బూడిద లాగు రాయి యని పేరిడిరి. పొయ్యికడ కూర్చుండువారికి గాని ఇట్టి సంగతి కంటబడునా యని నాకనిపించెను. మన తోరమల్లియే వారి నోట టూర్మలిను అయినది.

పెట్టెలోని రెండు బిళ్లలను ఒకదానికొకటి ఎదురుగా కలిపి యుందురు. గదియంతయు మెల్లగా వేడెక్కినచో రెండును సమముగా వేడెక్కి, ఒకదాని పలుకు నొకటి కొట్టివేయును. మనిషి అడ్డముగా నడచినచో ముందొకటి, తరువాత నింకొకటి వేడి నెఱుగును. అప్పుడే గంటకు కబురు పోవును. పెట్టె ముందర తెల్లగా, గీతలు గీతలుగా నుండు వంపు పలకను మనము మూత యనుకొందుము. అది మూత కాదు, కన్ను. ఫ్రాన్సు దేశపు ఫ్రెనెలు దొర 1823లో ఓడలకు దారి చూపు దీపస్తంభమునకై నిర్మించిన కటకపు పోలిక యది. అది గదిని పట్టెలు పట్టెలుగా విభజించి చూచును. ఆ పలక గాజుది కాదు; పాలసంచి జాతికి చెందిన పాలిథీనుది. ఏలయనగా ఈ కిరణములను పాలిథీను పోనిచ్చును గాని గాజు పోనీయదు. కిటికీగాజు కావల నిలిచినవాడు మన కంటికి కనబడును గాని సెన్సారుకు కనబడడు. ఈ యొక్క ముక్క తరువాత నాకెంత యక్కఱకు వచ్చినదో చూడగలరు.

ఇంతవఱకు చదివినాక, నా యనుమానము నిలువదని నాకే తోచెను. గడియ వేసిన యింట, గాజుకు వెలుపల నున్నవాడు లోపలి సెన్సారును ఎట్లు మ్రోగించును? అయినను యంత్రము చెడియున్న సంగతి తేలవలెను గదా.

మొదట పాలలెక్క పుస్తకము వెనుక పుటలో పద్దు మొదలిడితిని. మ్రోగిన తేది, వేళ, ఏ సెన్సారు. ఇనుపపెట్టె మీది అంకె ఏది మ్రోగెనో చెప్పును. పదునొకొండు రాత్రులలో ఏడుమాఱులు మ్రోగెను, ఏడును హాలులోనిదే. సామానుగదిలోనిది ఒక్కమాఱును నోరు తెఱవలేదు. వేళలు ఒంటిగంటకును నాలుగింటికిని నడుమ, ఒకనాటి వలె మఱొకనాడు లేదు. దీనివలన నిల్లంతటి దోషము కాదని తేలెను. బ్యాటరీ చెడినచో రెండును తికమక పడియుండెడివి.

తరువాత హాలులో కదలునవి, వేడెక్కునవి యేవి యని చూచితిని. ఫ్యాను, కూలరు, తెర, దేవుని పటము కడి దీపము. రెండు రాత్రులు ఫ్యాను, కూలరు నార్పి, తెర ముడివేసి, దీపమును వంటింటికి మార్చి చూచితిమి. మ్రోగెను. రహదారి మీది లారీల వెలుగు వెంటిలేటరు గుండ గోడపై ప్రాకుచుండును గదా యని మందపు కంబళి వ్రేలాడదీసితిమి. మఱల మ్రోగెను. ఆ కంబళితో గాలి రాక మా అత్తగారు నన్ను తిట్టుచు రాత్రి గడపిరి.

ఇక మిగిలినవి మూడు: సెన్సారు దోషమా, తీగ దోషమా, ఆ చోటి దోషమా? దీనికి అబ్బాయి చెప్పిన యుపాయము నాకు మిక్కిలి నచ్చినది. పాలు విఱిగినప్పుడు గిన్నె మార్చి చూడమా? అట్లే హాలు సెన్సారును సామానుగదికిని, అక్కడిదానిని హాలునకును మార్చవలెను. దోషము సెన్సారు వెంట పోయినచో సెన్సారుది; హాలులోనే నిలిచినచో తీగదో చోటుదో. ముందుగా ఇనుపపెట్టెకు వచ్చు కరెంటు నార్పి, బ్యాటరీ తీగయు ఊడదీసితిమి. సెన్సారుకు పోవునది 12 వోల్టులే గనుక అపాయము లేదు గాని, ఇనుపపెట్టెలోనికి వచ్చునది ఇంటి కరెంటు. దాని నార్పక వ్రేలు పెట్టరాదు. మూత తీయగానే సైరను అఱచునట్లు లోపల నొక బొడిపె యుండును; దానిని శాంతింపజేయుట యెట్లో పెట్టెతో నిచ్చిన పుస్తకమున నున్నది. వెనుక పలకలను గోడకే వదలి, ముందరి భాగములను మాత్రమే మార్చితిమి.

మూడవ రాత్రి మ్రోగెను. హాలే! సెన్సారు నిర్దోషి యని తేలెను. బోరు మోటార్లు బాగుచేయు పొరుగింటి పిల్లవాని కడ మీటరు ఎరువు తెచ్చి తీగకొనల కొలిచితిమి. పండ్రెండున్నర వోల్టులకు దగ్గఱగా చూపెను. మరలు బిగువుగానే యున్నవి. తీగయు నిర్దోషి. ఇంక మిగిలినది ఆ మూల.

ఇంటిపనియంతయు నాపై పడినందున హాలు నేనే యూడ్చుచుంటిని. ఆ మఱునాడుదయము సెన్సారు మూల క్రింద నూడ్చుచు చీపురు నిలిపివేసితిని. గచ్చుమీద నల్లని గింజలవంటివి నాలుగు, ఒక్కొక్కదాని కొనను తెల్లని చుక్క. నిన్న నూడ్చితిని, మొన్న నూడ్చితిని, చూచియు చూడలేదు. తొమ్మిదేండ్లు ఆ గచ్చును తుడిచినామె చూచినది. చెప్పి పోయినది. నేను చీపురు పట్టుకొని యట్లే నిలబడిపోయితిని. ఎంతసేపో తెలియదు, మా అత్తగారు "ఏమయింది కోడలా?" యని పిలిచినప్పుడు తెలివి వచ్చెను.

అయినను మఱల నొక యనుమానమును నిజముగా చేసికొని మోసపోరాదని, ఆ రాత్రి కావలి కూర్చుంటిని. హాలులో కూర్చున్నచో నన్ను చూచియే అది చెదరును. కనుక వరండాలో, కిటికీ తలుపు మూసి, గాజు కావల కుర్చీ వేసికొంటిని. సైరను అఱవక, సెన్సారు చూచినప్పుడెల్ల ఎఱ్ఱదీపము మాత్రము వెలుగునట్లు పెట్టెను పరీక్షస్థితిలో నుంచితిమి. అబ్బాయి పదకొండింటికే నిద్రపోయెను. రహదారి మీద లారీలు పోవుచున్నవి. హాలులో నీలపు చిన్నబల్బు మాత్రము వెలుగుచున్నది. అది సెన్సారునకు జానెడు దూరముననే కలదు. రెండు గంటలు దాటిన కొంతసేపటికి పెట్టె వెనుక నుండి ముందొక తల, పిదప మెడ, తరువాత ఒడలంతయు బయటికి వచ్చెను. పెట్టె మీదికి ప్రాకి, ఆ తెల్లని కంటికి అడ్డముగా, బల్బు కడ మూగిన పురుగుల వైపు సాగెను. ఎఱ్ఱదీపము వెలిగెను. తిరిగి వచ్చునప్పుడు మఱల వెలిగెను. దొంగ దొరికెను.

తెల్లవారినాక వెనుక పలకను గూడ ఊడదీసితిమి. రెండు గోడలు కలియు మూలకు పెట్టెను అమర్చినందున దాని వెనుక ముక్కోణపు బొఱ్ఱె యేర్పడినది. దానిలో బల్లిగ్రుడ్ల పెంకులు, ఎండిన పురుగుల రెక్కలు! బల్లి చల్లని జీవి యైనను, కంటిని ఆనుకొని పోవునప్పుడు గదిలో సగము కప్పివేయును. మన కంటి ముందర బొటనవ్రేలు పెట్టినచో కొండ కనబడనట్లే. మా అత్తగారు దానిని చంపనీయలేదు. పంచాంగము తెప్పించి గౌళిశాస్త్రము తిరుగవేసిరి. శిరస్సు మొదలు పాదము వఱకు బల్లి పడిన ఫలమున్నది గాని, సెన్సారుపై పడిన ఫలము వ్రాసినవారు లేరు.

బొఱ్ఱెను, తీగ వచ్చు రంధ్రమును లప్పముతో మూసి, సెన్సారును ఏడున్నరడుగుల యెత్తున తిన్నని గోడకు మార్చి, నీలపు బల్బును ఎదుటి గోడకు పంపితిమి. ఆ రంధ్రము మూయుట ముఖ్యము. గోడలోని గొట్టము గుండ వెచ్చని గాలి వచ్చి పెట్టెలో ఊదినను అది భ్రమపడును.

పని ముగిసినదనుకొని, నడక పరీక్ష చేసితిని. ఇక్కడ నాకు ఒడలు జలదరించినది. సాయంకాలము, ఎండ కాచిన యిల్లు. హాలులో ఈ గోడ నుండి ఆ గోడకు నడచితిని. ఎఱ్ఱదీపము వెలుగలేదు. మఱల నడచితిని. లేదు. చేతులూపితిని. అప్పటికి ఒకమాఱు మినుకుమనెను. అబ్బాయి మూత తీసి చూచి, దుకాణపు కుఱ్ఱవాడు సెన్సారు తీక్ష్ణతను అట్టడుగునకు దించెనని కనిపెట్టెను. దానికితోడు మా వైపు ఎండకాలము. గది మన చర్మమంత వెచ్చబడినప్పుడు మనిషికిని గోడకును భేదము దానికి తెలియదు. కంటి కానుకొని ప్రాకు బల్లిని చూచి యఱచెను గాని, పది యడుగుల దూరమున నడచు నన్ను చూడలేదు! దాదాపు నెల దినములు మేము కావలి యున్నదని నమ్మి నిదురించిన యింట కావలి లేదు. అక్కలారా, మీ యింట నిట్టి యంత్రమున్నచో ఒక మాట. అది ఊరక మ్రోగుచున్నదని ఎవరైన వచ్చి బాగుచేసి పోయినప్పుడు, 'ఇంక మోగదు' అన్న మాటకు సంతోషించి పంపివేయకుడు. వారి యెదుటనే గదిలో అడ్డముగా నడచి, అది మిమ్మెఱుగునో లేదో చూచుకొనుడు. మీటను పూర్వస్థానమున కెత్తినాక మాది నన్నెఱిగెను.

ఈ విద్యయంతయు మగవారిదనుకొని నేనింతకాలము దూరముగా నుంటిని. అమెరికాలో న్యూయార్కు నగరపు క్వీన్సు ప్రాంతమున మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అను నీగ్రో జాతి నర్సు యుండెడిది. వేళాపాళా లేని యుద్యోగములవలన ఆమెయో భర్తయో ఇంట నొంటిగా నుండవలసి వచ్చెడిది. పిలిచినను పోలీసులు త్వరగా రారు. తలుపు కన్నముల వెనుక కదలు కెమెరా, పడకగదిలో వచ్చినవాని బొమ్మ చూపు తెర, తలుపు గడియ తీయుటకును సహాయము పిలుచుటకును మీటలు గల యేర్పాటును భర్తతో కలసి కల్పించి 1966లో దరఖాస్తు పెట్టగా, 1969 డిసెంబరు 2వ తేదిని వారికి పేటెంటు వచ్చెను. ఒంటరి రాత్రుల భయము తెలిసినదే ఆ యేర్పాటును కల్పించినది.

ఇంక నేను దాటవేయరాని సంగతి. మఱునాడు ఆదివారము. మా వారితో జరిగినదంతయు చెప్పితిని. ఆయన కొంతసేపు మాటాడక, "నీవే పోవలె" ననిరి. మధ్యాహ్నపు ఎండ తగ్గినాక నేనొక్కతెను ఆమె యింటికి పోతిని. వాకిట కొడుకు బండి తుడుచుచుండెను. నన్ను చూచి లేచి మంచము వాల్చెను. ఆ పిల్లవాని మర్యాద నాకు సూదివలె గ్రుచ్చుకొనెను. ఆమె నీళ్లు తెచ్చి యిచ్చినది. బల్లి సంగతి చెప్పితిని. మేము ఊరికి పోలేదని చెప్పితిని. ఎందు కట్లంటినో అదియు చెప్పితిని. కొడుకు వినుచుండగనే చెప్పితిని. అతడు గుడ్డ పిండి తీగమీద ఆరవేసి, లోపలికి పోయెను.

ఆమె కొంతసేపటికి, "నాకెరికే అమ్మా" అన్నది. "ఆ దినమే ఎరికైంది."

పనికి రమ్మని యడిగితిని. జహీరాబాదు తోవలో ఇంకొక యింట కుదిరితినని, వారిని నడుమ విడిచి రాలేనని చెప్పినది. కోపము లేదు, ఏడుపు లేదు. మాకును వారికిని ఉన్న పద్దు మూసినట్లు చెప్పినది. నిలిచియున్న జీతముతో పాటు, నేను రావలదన్న దినములకును లెక్కకట్టి తెచ్చిన డబ్బు చేతిలో పెట్టితిని. లెక్కించి, చేసిన దినముల డబ్బు ఉంచుకొని, మిగిలినది నా కొంగున వేసినది. ఇంటికి వచ్చుదారి అరమైలు. నాకది చాల దూరముగా నుండెను.

గంట ఇప్పుడు ఊరక మ్రోగుట లేదు. వారమున కొకనాడు మా అత్తగారే నడక పరీక్ష చేయుదురు. చేతికఱ్ఱతో హాలున అడ్డముగా నడచి, ఎఱ్ఱదీపము వెలిగినచో "నన్ను గుర్తు పట్టింది" అని కూర్చుందురు. హాలు నేనే యూడ్చుచున్నాను. వేఱొకరిని పెట్టుకొనుమని మా వారందురు; చూతమనుచున్నాను. క్రొత్త గోడ క్రింద, పాత మూల క్రింద గచ్చును చూచుకొని మఱి యూడ్చుదును. బల్లి పెరటివైపు తలుపుచట్టము వెనుక నొకచోటు చూచుకొన్నది. అచ్చట సెన్సారు లేదు.